బేగంపేట నిజంగా మూతపడిందా? మన ఊరి మూడు ఎయిర్‌ఫీల్డ్‌ల ముచ్చట

తిరుమలగిరి శీను
మొన్న మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకాయన రాశాడు: "బేగంపేట ఎయిర్‌పోర్టు మూతపడి పదిహేనేళ్లు దాటిపోయింది. ఇంకా అంత జాగా ఖాళీగా ఎందుకు? పార్కన్నా చెయ్యాలి, రోడ్డన్నా వెయ్యాలి." పదిమంది సరే సరే అన్నారు. నాకు మాత్రం మింగుడు పడలేదు. అక్కడ చెప్పే ఓపిక లేక ఇక్కడ మొదలుపెడుతున్నా.

2008 మార్చి 23న శంషాబాద్ ఎయిర్‌పోర్టు మొదలైంది. ఆ ముందు రాత్రితో బేగంపేటలో టికెట్ కొనుక్కుని ఎక్కే విమానాలు ఆగిపోయాయి. ఆగింది అంతవరకే. రన్‌వే ఉంది, విమానాలకు దారి చెప్పే ఏటీసీ ఉంది, పక్కనే ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉంది. వీఐపీ విమానాలు, ప్రైవేటు చార్టర్లు అక్కడే దిగుతాయి. రెండేళ్లకోసారి వింగ్స్ ఇండియా ప్రదర్శన కూడా అక్కడే. 2024 జనవరిలో బోయింగ్ కొత్త 777-9 మన దేశానికి మొదటిసారి వచ్చి నిలబడింది ఆ టార్మాక్ మీదే.

నేననేది ఏంటంటే, ఆ నేల మొదట్నుంచీ విమానం నడపడం నేర్పే నేల. ప్రయాణికులు మధ్యలో కొన్ని దశాబ్దాలు వచ్చి వెళ్లారు. పాత సంగతులు తెలిసినవాళ్లు, ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేసినవాళ్లు ఉంటే రాయండి.

దక్కన్ దస్తావేజు
శీను గారూ, మంచి పని చేశారు. నాకు తెలిసినంత రాస్తాను, కొంచెం పెద్దదవుతుంది.

1930ల్లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో హైదరాబాద్ ఏరో క్లబ్ వచ్చింది. బేగంపేట ఏరోడ్రోమ్ కథ మొదలయ్యేది అక్కడే. అంటే మొదటి పని ప్రయాణం కాదు, ఫ్లయింగ్ నేర్పడం. 1937లో ఉత్తరం వైపు మొదటి టెర్మినల్ కట్టారు. మనందరికీ గుర్తున్న దక్షిణం వైపు టెర్మినల్ 1972లో వచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం రాగానే బేగంపేటలో నంబర్ 1 ఎలిమెంటరీ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూల్ పెట్టారు. విమానం టైగర్ మాత్. రెండు రెక్కల జతలు, గుడ్డ కప్పిన ఒళ్లు, పైకప్పు లేని సీట్లు. ముందు సీట్లో ఒకరు, వెనక సీట్లో ఒకరు. ఎండాకాలం మధ్యాహ్నం మన రాతినేల మీంచి లేచే వేడిగాలిలో అంత తేలిక విమానం ఎంత ఊగిపోయి ఉంటుందో ఆలోచించండి. అప్పటి కుర్రాళ్లు పుస్తకాల చదువు వేరేచోట ముగించుకుని తొలిసారి గాల్లోకి లేవడానికి ఇక్కడికి వచ్చేవాళ్లు. ఇక్కడ గట్టెక్కితే తర్వాతి దశ శిక్షణకు అంబాలా. స్వాతంత్ర్యం వచ్చాక మన వైమానిక దళాన్ని నిలబెట్టిన తరంలో చాలామంది చేతికి మొదట కంట్రోల్ స్టిక్ అందింది మన బేగంపేటలోనే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో "హైదరాబాద్" పేరున్న స్క్వాడ్రన్లు ఉండేవి. మొదటి ప్రపంచ యుద్ధంలో 110 స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఎ బాంబర్లు నిజాం డబ్బుతో వచ్చాయి. రెండో యుద్ధంలో 152 స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు నడిపింది, తర్వాత బర్మా దాకా వెళ్లింది. దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. 253 స్క్వాడ్రన్ పేరు కూడా హైదరాబాద్ స్టేట్ మీదే.

ప్రయాణికుల సంగతికొస్తే, 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. నిజాం ప్రభుత్వానిది పెద్ద వాటా, తోడుగా టాటాలు. డకోటాలు నడిపేవాళ్లు. 1953లో జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

బోయిన్‌పల్లి పోరడు
దస్తావేజు సార్, గిదంతా మాకు బళ్లె ఎవ్వరు చెప్పలె. మా ఇల్లు రన్‌వేకు దగ్గరనే. చిన్నప్పుడు మిద్దె మీద పండుకుంటే విమానం కడుపు కింద లైట్లు కనపడుతుండె. 2008 తర్వాత రాత్రుళ్లు నిమ్మళమైంది, గది నిజం.

మల్కాజిగిరి రవి
బేగంపేట అనగానే నాకు గుర్తొచ్చేది సర్దార్ పటేల్‌కు నిజాం చేతులు జోడించిన ఫోటో. 1948 సెప్టెంబర్‌లో లొంగిపోయిన రోజు అదే రన్‌వే మీద తీశారు కదా? ప్రతి సెప్టెంబర్ 17కు అందరూ పెడతారు.

దక్కన్ దస్తావేజు
రవి గారూ, చోటు బేగంపేటే, రోజు అది కాదు. 1948 సెప్టెంబర్ 13న సైనిక చర్య మొదలైంది. 17న నిజాం రేడియోలో మాట్లాడి లొంగిపోతున్నట్టు ప్రకటించాడు. 18న నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ఎదుట లొంగిపోయాడు. అప్పుడు పటేల్ ఇక్కడ లేరు. ఆయన హైదరాబాద్ వచ్చింది 1949 ఫిబ్రవరిలో. నిజాం స్వయంగా బేగంపేటకు వెళ్లి స్వాగతం చెప్పాడు, ఆ ఫోటో అప్పటిది. మధ్యలో ఐదు నెలలు గడిచాయి. ఆ ఐదు నెలల్లో ఈ గడ్డ మీద ఎంత జరిగిందో తెలిసినవాళ్లకు ఈ తేదీ చిన్న విషయం కాదు. లొంగుబాటు ఫోటో అని పెడుతుంటే నాకు బాధగానే ఉంటుంది.

1948లో ఎయిర్‌ఫీల్డ్‌ల పాత్ర వేరే విధంగా ఉంది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో నిజాంకు దొంగతనంగా ఆయుధాలు మోశాడు. సైనిక చర్యలో భారత వైమానిక దళం బీదర్, వరంగల్ ఎయిర్‌ఫీల్డ్‌ల మీద బాంబులు వేసింది. మళ్లీ కొన్నేళ్లకు అదే బీదర్ మన పైలట్లకు చదువు చెప్పే స్టేషన్ అయింది.

తిరుమలగిరి శీను
ఇదే, నేను వినాలనుకున్నది. ఇంకొకటి నేను కలుపుతా. 1982లో ముఖ్యమంత్రి అంజయ్య గారిని రాజీవ్ గాంధీ చులకన చేశారన్న గొడవ జరిగిందీ బేగంపేటలోనే. ఆ తర్వాత మార్చి 29న ఎన్టీఆర్ పార్టీ పెట్టారు. రాజకీయం మీద ఇక్కడ చర్చ వద్దు, నేల మీద ఏమేం జరిగాయో చెప్తున్నా అంతే.

మన మూడు ఎయిర్‌ఫీల్డ్‌ల్లో ఇంకొకటైన హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లో పనిచేసినవాళ్లు ఎవరన్నా ఉన్నారా?

పాత కిరణ్ ఫిట్టర్
ఉన్నాను తమ్ముడూ. ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. హకీంపేటలో చాలాకాలం కిరణ్ విమానాల మీద పని.

కిరణ్ మన ప్రభుత్వ విమానాల కంపెనీ హెచ్ఏఎల్ చేసిన జెట్ ట్రైనర్, అంటే శిక్షణ విమానం. 1964లో మొదటిసారి ఎగిరింది. టైగర్ మాత్‌లో లాగా ముందూవెనకా కాదు, ఇందులో గురువూ శిష్యుడూ పక్కపక్కనే కూర్చుంటారు. కుర్రవాడి చెయ్యి ఎక్కడ తడబడిందో ఇన్‌స్ట్రక్టర్ కంటికి నేరుగా కనిపిస్తుంది. నేర్పడానికి అంతకంటే మంచి ఏర్పాటు లేదని నా నమ్మకం.

పొద్దు పొడవకముందే ఫ్లైట్ లైన్‌కు చేరేవాళ్లం. ముందు రన్‌వే మీద వరసగా నడిచి రాయి, మేకు, తీగముక్క ఏదున్నా ఏరడం. జెట్ ఇంజిన్ నోట్లోకి చిన్న స్క్రూ పోయినా లోపల బ్లేడ్లు పాడైపోతాయి. తర్వాత విమానం చుట్టూ తనిఖీ. టైరు, బ్రేకు, హైడ్రాలిక్ లీకు, రెక్కల కీళ్లు. అన్నీ అయ్యాక ఫారం 700లో సంతకం. ఆ పుస్తకంలో మన సంతకం చూశాకే పైలట్ తన సంతకం పెట్టి విమానాన్ని తీసుకుంటాడు. ఆపదలో పైలట్‌ను సీటుతో సహా బయటికి విసిరే ఏర్పాటు ఉంటుంది, ఎజెక్షన్ అంటారు. అది పొరపాటున పేలకుండా సీటు దగ్గర పెట్టే సేఫ్టీ పిన్నులకు ఎర్ర రిబ్బన్లు కట్టి ఉంటాయి. వాటిని తీసి, ఎన్ని తీశామో పైలట్‌కు పైకెత్తి చూపించాలి. లెక్క సరిపోయిందని అతను తల ఊపాకే నిచ్చెన తీసేది. ఇరవై రెండేళ్ల పిల్లవాడు తొలిసారి ఒంటరిగా వెళ్తున్నప్పుడు ఆ పిన్నులు చూపించే చెయ్యి నాదైతే, అతను తిరిగి దిగేదాకా నాకు టీ దిగేది కాదు. మా వాళ్లందరిదీ అదే పరిస్థితి.

హకీంపేటలో రెండు చదువులు. ఒకటి ఫైటర్ దారికి వెళ్లేవాళ్లకు కిరణ్ మీద. రెండోది హెలికాప్టర్ల వాళ్లకు చేతక్ మీద. మొదటి దశ దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో పూర్తి చేసుకుని వస్తారు. ఇక్కడ పాసైన ఫైటర్ వాళ్లు బీదర్ వెళ్లి హాక్ జెట్ ట్రైనర్ నడుపుతారు. అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్, మన దేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లు ముగ్గురూ హకీంపేటలో కిరణ్ మీద నేర్చుకునే వెళ్లారు. 2016 జూన్ 18న దుండిగల్ పరేడ్‌లో కమిషన్ అందుకున్నారు.

ఇంకోటి. రాష్ట్రపతి బొల్లారం నిలయానికి విడిదికి వచ్చినప్పుడు విమానం ఎక్కువగా దిగేది హకీంపేటలోనే. 2022 జులైలో గోదావరి పొంగి చెన్నూరు దగ్గర మనుషులు చిక్కుకున్నప్పుడు తాడు వేసి పైకి లాగింది కూడా చేతక్ హెలికాప్టరే. శిక్షణ స్టేషన్ అంటే యుద్ధంతో పని లేనిది అనుకోవద్దు, ఆపదకు దగ్గర్లో ఉండేది అదే.

గండిమైసమ్మ స్వాతి
ఫిట్టర్ అన్నయ్యా, పిన్నుల సంగతి చదువుతుంటే ఒళ్లు జలదరించింది. దుండిగల్ గురించి నేను రాస్తాను, మేం ఉండేది అకాడమీకి దగ్గర్లోనే.

ఈ అకాడమీ రాకముందు పైలట్లకు ఒకచోట, గ్రౌండ్ డ్యూటీ అధికారులకు మరోచోట శిక్షణ ఉండేది. జోధ్‌పూర్, అలహాబాద్, కోయంబత్తూరు, ఇలా. అందరినీ ఒకేచోటికి తేవాలని దుండిగల్ ఎంచుకున్నారు. 1967 అక్టోబర్ 11న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ శంకుస్థాపన చేశారు. 1971లో శిక్షణ మొదలైంది. ఏటా జూన్‌లో, డిసెంబర్‌లో కంబైన్డ్ గ్రాడ్యుయేషన్ పరేడ్ జరుగుతుంది. ఆ రోజుల్లో మా రోడ్డంతా వేరే రాష్ట్రాల నంబరు ప్లేట్ల కార్లే. దోసెల బండి దగ్గర పంజాబీ తల్లిదండ్రులు, కేరళ తల్లిదండ్రులు పక్కపక్కన నిలబడి, ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఫోన్లో పిల్లల ఫోటోలు చూపించుకుంటారు.

విమానాలు మారుతూ వచ్చాయి. మొదటి దశ శిక్షణ చాలాకాలం హెచ్‌పీటీ-32 దీపక్ మీద నడిచింది. 2009 జులైలో ప్రమాదం జరిగి ఇద్దరు పైలట్లు పోయాక ఆ రకం మొత్తాన్ని నేల మీద ఆపేశారు. శిక్షణకు విమానాల్లేక కిరణ్‌ల మీదే భారం పడింది. సూర్యకిరణ్ విన్యాసాల బృందం విమానాలు కూడా 2011లో శిక్షణకు ఇచ్చేశారు. 2013 మే 31న స్విట్జర్లాండ్ పిలాటస్ పీసీ-7 మార్క్-2 విమానాలు దుండిగల్‌లో చేరాయి. మొత్తం 75 కొన్నారు. ఇక మన హెచ్ఏఎల్ సొంతంగా చేసిన హెచ్‌టీటీ-40 కోసం 2023లో ఒప్పందమైంది, 70 విమానాలకు.

2023 డిసెంబర్ 4 పొద్దున సంగతి మరచిపోలేను. అకాడమీ నుంచి లేచిన పీసీ-7 తూప్రాన్ దగ్గర కూలిపోయింది. ఇన్‌స్ట్రక్టర్, క్యాడెట్ ఇద్దరూ పోయారు. మేం బళ్లో ప్రార్థన తర్వాత ఒక నిమిషం నిలబడ్డాం. మా క్లాసు పిల్లల్లో సగంమంది తండ్రులు అకాడమీలో ఏదో ఒక పని చేసేవాళ్లే.

బోయిన్‌పల్లి పోరడు
అక్కా, మాకు గసొంటి దినం 2010 మార్చి 3. బేగంపేటల ఏవియేషన్ షో. నేవీ వాళ్ల సాగర్ పవన్ విమానాలు గాల్లె విన్యాసాలు చేస్తున్నయి. ఒక కిరణ్ కిందికి దిగుతనే ఉన్నది, లేవలె. కొత్త బోయిన్‌పల్లిల ఇండ్ల మీద పడ్డది. పైలట్లు ఇద్దరు పోయిన్రు. మా గల్లీ నుంచి పొగ కనపడ్డది. అప్పటిసంది మా అమ్మ విమానం చప్పుడు దగ్గరికొస్తే బయటికొచ్చి సూస్తది.

గందుకే నేనొకటి అడుగుత. శీనన్న, నీకు ఈ జాగా మీద ప్రేమ ఉన్నది, నాకు సుత ఉన్నది. గని చుట్టూరా లక్షల మంది ఉన్న ఊరి నడుమ గింత పెద్ద రన్‌వే ఉండాల్నా? దుండిగల్ ఉన్నది, హకీంపేట ఉన్నది. మా రసూల్‌పుర, బోయిన్‌పల్లిల ఇంకో అంతస్తు వేసుకుందామంటే ఎత్తు పర్మిషన్ కోసం ఏండ్లకేండ్లు ఆఫీసుల చుట్టు తిరుగుడే.

కారిడార్ ఇంజినీర్
పోరడు గారి ప్రశ్న న్యాయమైనదే. ఎత్తు సంగతి మాత్రం ఎవరో ఇష్టానికి పెట్టింది కాదు. రన్‌వే చివరి నుంచి విమానం దిగే దారి వాలుగా ఉంటుంది, ఆ వాలు కింద ఎంత ఎత్తు కట్టొచ్చో రంగుల మ్యాప్ ఉంది. ఏ రంగులో మీ ప్లాటు పడిందో ముందే చూసుకోవచ్చు. ఎర్ర రంగులో పడితే ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, తప్పదు. ఆ కాగితం చేతికి రావడానికి పట్టే కాలం మీద మీ కోపం నాకూ ఉంది.

రోడ్ల సంగతి చెప్తాను. ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫామ్ రోడ్డు దాకా ఎలివేటెడ్ కారిడార్ 5 కిలోమీటర్లకు పైన. ఆ దారి బేగంపేట రన్‌వే చివరి మీదుగా పోవాలి. అక్కడ స్తంభాలు లేపి రోడ్డు కడితే దిగే విమానానికి అడ్డం. అందుకే దాదాపు 600 మీటర్లు భూమి లోపల సొరంగం పెట్టారు. రక్షణ శాఖ భూములకు 2024 మార్చిలో ఒప్పుకుంది, అదే నెల 9న శంకుస్థాపన అయింది. రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట వైపు వెళ్లే కారిడార్‌కు హకీంపేట దగ్గర ఇదే సమస్య, అక్కడా కొంత భాగం భూమిలోకి దించాల్సి వచ్చింది. ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ రోడ్డు కోసం రన్‌వే తీసెయ్యక్కర్లేదని ఈ డ్రాయింగులే చెప్తున్నాయి.

మల్కాజిగిరి రవి
అయితే ప్రయాణికుల విమానాలు మళ్లీ బేగంపేటకు తేవచ్చు కదా? శంషాబాద్ వెళ్లడానికి సగం రోజు పోతుంది మాకు.

తిరుమలగిరి శీను
రవీ, శంషాబాద్ ఒప్పందంలోనే ఉంది, 150 కిలోమీటర్ల లోపల మరో పౌర విమానాశ్రయం ఉండకూడదని. 2008 మార్చిలో బేగంపేట, బెంగళూరు పాత ఎయిర్‌పోర్టులు మూసెయ్యొద్దని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగులు సమ్మె చేశారు. ఆపలేకపోయారు. మొదట్లో శంషాబాద్ దారి నరకమే, 2009 అక్టోబర్‌లో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే తెరిచాకే ఊపిరి ఆడింది.

పోరడు తమ్ముడూ, నీ మాట నేను తోసెయ్యను. విన్యాసాలు ఊరి మీద చెయ్యొద్దని నేనూ అంటాను, షో పెట్టినా విమానాలు నేల మీద నిలబెట్టి చూపిస్తే సరిపోతుంది. కానీ రన్‌వే తీసేస్తే మళ్లీ తెచ్చుకోలేం. 2021 ఏప్రిల్ గుర్తు తెచ్చుకో. ఆక్సిజన్ లేక ఆస్పత్రుల ముందు మనుషులు కూలబడుతుంటే, ఖాళీ ట్యాంకర్లను బేగంపేటలో ఎయిర్‌ఫోర్స్ పెద్ద సరుకు విమానం సీ-17 కడుపులోకి ఎక్కించి భువనేశ్వర్ పంపారు. రోడ్డు మీద వెళ్లి రావడానికి పట్టే కాలంలో సగం అక్కడే మిగిలింది. ఊరి నడుమ సుమారు 3,200 మీటర్ల రన్‌వే ఉండబట్టే అది కుదిరింది. మా బాబాయికి ఆ వారంలోనే సిలిండర్ దొరికింది. అది ఆ ట్యాంకర్లదేనా కాదా అని నేను లెక్క తీయలేను, కానీ ఆ రన్‌వేను ఖాళీ జాగా అనే మాట ఇక నా నోట రాదు.

పాత కిరణ్ ఫిట్టర్
శీను చెప్పింది నిజం. పైగా బేగంపేట స్టేషన్‌లో నావిగేషన్ ట్రైనింగ్ స్కూల్ ఉంది. పైలట్ పక్కన కూర్చుని దారి లెక్కగట్టేవాళ్లు అక్కడ తయారవుతారు. సికింద్రాబాద్‌లో కాలేజ్ ఆఫ్ ఎయిర్ వార్‌ఫేర్ ఉంది, 1959లో మొదలైంది, అక్కడ పెద్ద అధికారులకు చదువు. దుండిగల్‌లో అఆలు, హకీంపేటలో జెట్టూ హెలికాప్టరూ, బేగంపేటలో నావిగేషన్. ఒకదాని గాలిలోకి ఇంకొకటి రాకుండా వేళలు, ఎత్తులు పంచుకుని నడుపుతారు. ఒకటి తీసి ఇంకొకదాంట్లో కుక్కితే గాల్లో రద్దీ పెరుగుతుంది. నేర్చుకునే పిల్లలకు రద్దీ మంచిది కాదు.

చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఒక విన్నపం. మటన్, చికెన్ దుకాణాల వ్యర్థాలు స్టేషన్ గోడల దగ్గర పడేస్తున్నారు. దానికి గద్దలు మూగుతాయి. గద్ద ఇంజిన్‌లోకి పోతే లోపలున్న పిల్లవాడికి ఆలోచించే వ్యవధి కూడా ఉండదు. బోయిన్‌పల్లి తమ్ముడూ, మీ అమ్మగారి భయం తగ్గాలన్నా మొదట చెయ్యాల్సింది ఇదే.

బోయిన్‌పల్లి పోరడు
గిది మాత్రం పట్టుకుంట సార్. మా గల్లీ చివర గదే పరిస్థితి. ఆదివారం సాయంత్రం సంచులకు సంచులు పడేస్తరు. దుకాణాల వాళ్లతోని నేనే మాట్లాడత, వార్డ్ ఆఫీసుల సుత కాగితం ఇస్త.

గండిమైసమ్మ స్వాతి
మా వైపు కూడా అదే అవసరం. కాగితం నమూనా ఇక్కడ పెట్టండి, మా బడి తరఫున మేమూ ఇస్తాం.

దక్కన్ దస్తావేజు
రవి గారి ప్రశ్నకు చిన్న చేర్పు. బేగంపేటకు ప్రయాణికుల విమానాలు రాకపోయినా ఆ ప్రాంగణంలో పౌర విమానయానం పని ఆగలేదు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పరిశోధన సంస్థ, కారో, అక్కడే వచ్చింది. 2024 మార్చి 5న ప్రధాని ప్రారంభించారు.

వరంగల్ మల్లన్న
ఇంత మాట్లాడి వరంగల్ దగ్గరి మా మామునూరును వదిలేస్తే ఎట్ల? నిజాం కాలంలనే కట్టిన ఎయిర్‌ఫీల్డ్ మాది. 1948ల బాంబులు పడ్డది మా మీదనే, దస్తావేజు సార్ రాసిండు. 1980ల మొదట్లకు విమానాలు బందయినయి. ఆ 150 కిలోమీటర్ల షరతు మాకూ అడ్డమే అయ్యింది. శంషాబాద్ వాళ్లు అభ్యంతరం లేదని ఇచ్చినంక 2025 ఫిబ్రవరిల కేంద్రం ఒప్పుకున్నది. అదే ఏడు ఆదిలాబాద్ ఎయిర్‌ఫోర్స్ జాగాల పౌర విమానాలకు సుత రక్షణ శాఖ సరే అన్నది.

పాత రన్‌వే ఇప్పటి పెద్ద విమానాలకు చాలది. పొడుగు పెంచనీకి ఇంకో 253 ఎకరాలు కావాలె, దానికి 205 కోట్లు మంజూరు చేసిన్రు. నక్కలపల్లి దిక్కు మా చుట్టాల పొలాలు ఉన్నయి. విమానం రావాలని వాళ్లకూ ఉన్నది, కాని భూమికి భూమి ఇయ్యాలని అడుగుతున్నరు. శీనన్న, బేగంపేట రన్‌వే తీసేస్తే మళ్ల రాదంటివి. మా దగ్గర రన్‌వే కోసం పోయే పొలం సుత మళ్ల రాదు. గా రైతులకు ధర ఎట్ల కట్టాలె, ఎక్కడ భూమి చూపియ్యాలె అన్నది తెలిసినోళ్లుంటే ఇక్కడనే రాయున్రి, నేను మా ఊర్ల చదివి వినిపిస్త.